సౌండు తీసేసి చెప్పిన తీర్పు

మా గల్లీలో ఏ పంచాయితీ వచ్చినా మా బాపునే పిలిచేవాళ్లు. నల్లా దగ్గర బిందెల కొట్లాట కానీ, గోడ మీదుగా పక్కింట్లోకి వంగిన జామకొమ్మ గొడవ కానీ, ఆయన చెప్పిందే ఆఖరు మాట. సిద్దిపేట మార్కెట్ యార్డులో గుమాస్తా ఆయన. పొద్దంతా నంగునూరు నుంచీ చిన్నకోడూరు నుంచీ వచ్చే మక్కజొన్న బస్తాల మధ్య నిలబడి పైవాళ్ల చేత తిట్లు తినేవాడు. చీకటి పడే వేళకు గల్లీలోకి వచ్చి పెద్దమనిషి అయిపోయేవాడు. ఆ పెద్దరికమంటే ఆయనకు ప్రాణం. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల చివర్లో మా ఇళ్ల కప్పుల మీదుగా కేబుల్ వైర్లు వచ్చాయి. గల్లీలో మొదటి కలర్ టీవీ పక్కింటి ఖాలాది. ఆమెను అన్ని ఇళ్ల పిల్లలమూ ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్లం. ఆమె భర్తకు బస్టాండు దగ్గర వెల్డింగు షాపు ఉండేది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచులు ఇంట్లో విసిరేసి, ఆమె కుట్టుమిషను పక్కన చాప మీద చేరి, జపాను బొమ్మల సీరియల్ చూసేవాళ్లం. మాటలు హిందీలో వచ్చేవి. మాకు అర్థం కాని చోట ఖాలా మిషను తొక్కుతూనే తెలుగులో చెప్పేది.

కథ పెద్దదేమీ కాదు. తల్లితో కలిసి రొట్టెల దుకాణం నడిపే ఒక బడిపిల్ల ఉంటుంది. ఊళ్లో వాళ్ల నిద్రను ఎత్తుకుపోయే రాక్షసులు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల చేతిలోని కర్రను పైకెత్తి, "సుబహ్ కీ రోషనీ, మేరే హాథ్ మే ఆ!" అని అరుస్తుంది. పొద్దటి వెలుగా, నా చేతిలోకి రా అని. వెంటనే వెలుగు ఆమెను చుట్టేస్తుంది. బడిబట్టలు పోయి పొట్టి గౌనూ, మోకాళ్ల దాకా బూట్లూ వస్తాయి. ఇంక రాక్షసుల పని అయిపోయినట్టే. మేమంతా చప్పట్లు కొట్టేవాళ్లం.

మా చెల్లెకు నత్తి. ఏదో ఒకటీ అరా మాట తడబడడం కాదు. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. మెడ నరాలు లేచి, కళ్లు గట్టిగా మూసుకొని, ఆ ఒక్క అక్షరంతోనే కుస్తీ పట్టేది. బడిలో హాజరు పలకలేక చెయ్యి ఎత్తి కూర్చునేది. అమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. దర్గాకు తీసుకుపోయి మెడకు తాయెత్తు కట్టించింది. బాపు దగ్గర మాత్రం ఒకటే మందు ఉండేది. "సక్కగ మాట్లాడు!" అని గద్దించడం. ఆ గద్దింపుకు భయపడి చెల్లె ఆయన ముందు నోరు తెరవడమే మానేసింది. ఏం కావాలన్నా నా గౌను పట్టి గుంజి, నా చెవిలో చెప్పేది.

ఒకనాడు చాప మీద కూర్చొని టీవీలో పిల్లతో పాటు తనూ ఆ మాట అనేసింది. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగలేదు. ఖాలా మిషను ఆపేసింది. "ఫిర్ బోల్ బేటా" అంది. చెల్లె మళ్లీ అంది. మళ్లీ ఆగలేదు. మేము నోళ్లు వెళ్లబెట్టాం. తర్వాత్తర్వాత దానికి ఇంకో కిటుకు తెలిసింది. ఆ హిందీ మాట అనేసి, ఊపిరి తీసుకోకుండా వెంటనే తెలుగు మాట కూడా అనేస్తే అదీ నత్తి లేకుండా వచ్చేసేది. "సుబహ్ కీ రోషనీ, మేరే హాథ్ మే ఆ, అక్కా నాకు ఆకలైతుంది!" అని అది గడపలో నిలబడి అరిస్తే నేను పడీ పడీ నవ్వాను. అమ్మ మాత్రం పొయ్యి దగ్గరే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"మీ బాపుకు ఇప్పుడే చెప్పకుండ్రి. జర కుదురుకోనీ. గప్పుడు ఇనిపిద్దాం," అంది.

ఆ సీరియల్ అందరు పిల్లలకూ మంచిదేనా అంటే, నేనేమీ కళ్లు మూసుకొని అవునని చెప్పను. అందులో అద్దంలో నుంచి మొహం లేని రాక్షసి ఒకటి వచ్చేది. అది చూసి ఒకసారి నాలుగేళ్ల పిల్లవాడు చాప తడిపేశాడు. ఆనాటి నుంచి రాక్షసి సంగీతం మొదలవగానే ఖాలా బుడ్డ పిల్లలకు మరమరాల గిన్నె ఇచ్చి వంటింట్లోకి తోలేది. అది అయిపోయాక మళ్లీ పిలిచేది. ఆ గౌను పొట్టిదని కూడా ఆమెకు తెలుసు. "అది బొమ్మ బేటా, మనం గట్ల తిరుగం," అని మాతో చెప్పి ఊరుకునేది. మా గల్లీలో ఆ బొమ్మలను కూర్చొని, విని, ఆలోచించి తూకం వేసిన మనిషి ఆమె ఒక్కతే. కానీ తీర్పు చెప్పమని ఆమెను ఎవరడుగుతారు!

గొడవ మా చెల్లె దగ్గరే మొదలైంది. విరిగిన గొడుగు కడ్డీ ఒకటి దాని మంత్రపు కర్ర. మూలమీది కిరాణం సేటు మనవడు దాని జడ పట్టి లాగి "న న న నత్తీ" అని వెక్కిరించాడు. అది కర్రతో వాడి వీపు మీద ఒకటి వేసింది. వేసి మంచి పని చేసింది. వాడు ఏడ్చుకుంటూ పోయి తాతను తోలుకొచ్చాడు.

"ఏందయ్యా గిది? గా బొమ్మలు జూసే గల్లీల ఆడివిల్లలు గిట్ల తయారైతున్నరు. నువ్వు పెద్దమనిషివి, నువ్వే జెప్పాలె," అన్నాడు సేటు మా బాపుతో.

బాపు మీసం దువ్వుకున్నాడు. "సూడకుంట నేను ఏ మాట జెప్పను. సూసినంకనే జెప్త," అన్నాడు. ఎంత ధర్మాత్ముడో చూడండి!

మరునాడు సాయంత్రం ఖాలా ఇంట్లో మూడు కుర్చీలు వేశారు. ఒక దాంట్లో బాపు, ఒక దాంట్లో సేటు, మూడో దాంట్లో ముసలి పట్వారీ. వారం వారం సినిమా పాటలు వచ్చే పూట వానలో తడిసిన హీరోయిన్ చీర నడుముకు అతుక్కుపోయి గంతులేస్తుంటే, మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని తల ఊపుతూ చూసేది ఈ మూడు కుర్చీలే. ఆ పాటలు పిల్లలకు తగునా అని ఒక్కనాడు ఒక్కరికీ అనుమానం రాలేదు. మేము పిల్లలం గోడకు అతుక్కొని నిలబడ్డాం. అమ్మ గడప అవతల ఉంది.

చలికాలం, తొందరగా చీకటి పడుతోంది. సీరియల్ మొదలైన కాసేపటికి మసీదులో పొద్దుగూకే వేళ నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ మొదలైంది. అజాన్ వినిపిస్తే టీవీ, రేడియో సౌండు తీసేయడం మా గల్లీలో అందరికీ అలవాటే. మా ఇంట్లోనూ అంతే చేసేవాళ్లం. ఖాలా నెత్తి మీదికి చున్నీ లాక్కొని సౌండు పూర్తిగా తీసేసింది. సరిగ్గా అప్పుడే టీవీలో పిల్ల కర్ర ఎత్తింది. నోరు తెరిచింది. మాట రాలేదు. వెలుగు చుట్టింది, బడిబట్టలు పోయాయి, గౌను వచ్చింది, బూట్లు వచ్చాయి, రాక్షసి కింద పడేసిన పిల్లవాడికి ఆ పిల్ల అడ్డం నిలబడింది. ఏ మాట అన్నందుకు ఇదంతా జరిగిందో ఆ మూడు కుర్చీలకూ తెలియలేదు. బాపు నేల చూపులు చూశాడు. పట్వారీ "రామ రామ" అన్నాడు కానీ కళ్లు మాత్రం తిప్పలేదు.

అజాన్ అయిపోయింది. ఖాలా టీవీ వైపు చెయ్యి చాచింది. "భాయ్ సాబ్, జర సౌండ్ వెడ్తా. మాటలు ఇన్నంక జెప్పుండ్రి," అంది.

"మాటలెందుకమ్మా, కండ్లు లేవా మాకు?" అన్నాడు బాపు.

"బట్టల సంగతి అటువెట్టు. మొగపిల్లగాడు కింద పడుంటే ఆడివిల్ల ఉరికొచ్చి కాపాడుతదా? గిది జూసే గదా మా వాన్ని కొట్టింది," అన్నాడు సేటు.

అప్పుడు చెల్లె నా చెయ్యి వదిలేసింది. నేను ఆపేలోపు మూడు కుర్చీల ముందుకు పోయి నిలబడింది. ముందు మామూలుగానే చెప్పాలని చూసింది. "బ... బ..." అని గొంతు పట్టేసింది. సేటు మనవడు కిసుక్కున నవ్వాడు. చెల్లె కళ్లు మూసుకుంది. గొడుగు కడ్డీ పైకెత్తింది.

"సుబహ్ కీ రోషనీ, మేరే హాథ్ మే ఆ, బాపూ బంద్ చెయ్యకు, గిది సూస్తేనే నాకు మాటలొస్తున్నయి!"

గంట కొట్టినట్టు చెప్పింది. ఒక్క అక్షరం తడబడలేదు. గడప అవతల అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఖాలా "మాషా అల్లా" అంది. పుట్టిన తర్వాత అది బాపుతో నత్తి లేకుండా మాట్లాడడం అదే మొదటిసారి. ఇప్పుడు బాపు లేచి దాన్ని ఎత్తుకుంటాడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

బాపు సేటు వైపు తిరిగాడు. "సూసిన్రా? నలుగుర్ల కర్ర లేపి నాకే ఎదురు జెప్తుంది. గా డబ్బా నేర్పేది గిదే."

"బాపూ, దానికి నత్తి రాలే! ఇన్నవా?" అని నేను అరిచాను.

"గది కాదయ్యా, పిల్ల మాట..." అని అమ్మ గడప దాటబోయింది.

"నువ్వు ఇంట్లకు నడువ్," అన్నాడు బాపు. చెల్లె చేతిలో నుంచి కడ్డీ గుంజుకొని సేటు చేతికిచ్చాడు. తీర్పు చెప్పాడు. ఆడపిల్లలెవరూ ఆ బొమ్మలు చూడకూడదు. "మొగపిల్లలకు ఏంగాదు, సూడనీ," అన్నాడు.

మర్నాటి నుంచి ఆ చాప మీద సేటు మనవడు కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. ఖాలా రెండుసార్లు మా ఇంటికొచ్చి చెప్పి చూసింది. "మీ ఇంట్ల మీ ఇష్టం, మా పిల్లల సంగతి మాకిడువు," అన్నాడు బాపు. మూడోసారి ఆమె రాలేదు. సాయంత్రం గోడ అవతల నుంచి ఆ మాట మాకు వినిపించేది. మొదట్లో చెల్లె పెదవులు కదిలేవి. ఒకనాడు బాపు చూసి "ఏంది గొణుగుతున్నవ్?" అన్నాడు. అంతే, పెదవులు కూడా ఆగిపోయాయి. నత్తి మళ్లీ వచ్చింది, ఇదివరకటి కంటే గట్టిగా వచ్చింది. తర్వాత నా చెవిలో చెప్పడం కూడా తగ్గించి, చేత్తో చూపించడం మొదలుపెట్టింది. బడిలో ఎవరో దానికి మూగ అని పేరు పెట్టారు. మేము కొట్లాడలేదు. కొట్లాడితే మళ్లీ పంచాయితీ బాపు దగ్గరికే కదా వచ్చేది!

నేను బాపును క్షమించలేదు. ఆయన చెడ్డవాడు కాదని అంటుంటారు మా చుట్టాలు. కాకపోవచ్చు. నేనేం చేసుకోను ఆ మంచితనాన్ని?

కొన్నేళ్ల తర్వాత, చెల్లె పదో తరగతిలో ఉన్నప్పుడు, బాపుతో పనిచేసేవాళ్లు ఒక సాయంత్రం ఇంటికొచ్చారు. అది చాయ గ్లాసులు పెట్టి, తల వంచుకొని లోపలికి పోయింది. "మీ చిన్నది మస్తు నెమ్మదస్తురాలున్నదే!" అన్నాడు వచ్చినాయన. బాపు మొహం వెలిగిపోయింది.

"మా ఇంట్ల పెంపకం గట్లుంటది. ఎవ్వరి ముంగట నోరు తెరువది. ఇప్పటిదాంక నాకు ఒక్క మాట ఎదురు జెప్పలే," అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయేదాకా అమ్మ వంటింటి గుమ్మంలో కదలకుండా నిలబడింది. తర్వాత బాపు ముందుకు వచ్చింది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

"ఒక్కనాడు నీ ముంగట నిలవడి మంచిగ మాట్లాడింది. యాదికున్నదా?"

బాపు చాయ గ్లాసు పట్టుకొని ఆమె వైపు చూశాడు. అబద్ధం ఆడడం లేదు. నిజంగానే ఆలోచించాడు.

"ఎన్నడు?" అన్నాడు.