పరదా మీది బాణం

లోహిత తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేది. కంప్యూటర్ తెర మీది బొమ్మను ఎటు తిప్పాలో, కుడిని ఎడమగా ఎప్పుడు మార్చాలో చెప్పే ప్రోగ్రాము రాయడం ఆమె పని. ఇదేం ఉద్యోగమని నవ్వకండి. ప్రొజెక్టరును పరదా వెనక పెట్టి బొమ్మ వేస్తే, ముందు నిలబడ్డవాళ్ళకు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తుంది. ముందే తిప్పి పంపితేనే సరిగ్గా కనబడుతుంది. ఆ తిప్పడమంతా లోహిత చేతిపని. కరెంటు పోయి వస్తే మాత్రం బొమ్మ తిప్పకుండా మామూలుగానే మొదలవ్వాలని తనే పెట్టింది. అదే క్షేమమనుకుంది, పిచ్చిపిల్ల!

2004లో చంద్రగిరి పక్క ఊళ్ళో గంగమ్మ జాతరకు అలాంటి పరదా ఒకటి కట్టించారు. బయటికి పోయే దారి చూపిస్తూ లోహిత కుడివైపుకు పెద్ద బాణం వేసింది. ఎడమవైపు సందు చివర గట్టు లేని పాడుబావి ఉంది మరి. పొరుగూళ్ళ జనానికి ఆ సంగతేం తెలుసు?

పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. జనరేటరు వేయగానే కంప్యూటరు మళ్ళీ మొదలైంది. జనం మధ్య చిక్కుకున్న లోహిత తలెత్తి చూసింది. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. బాణం ఎడమకు చూపిస్తోంది. జనం అటే కదులుతున్నారు.

లోహిత "అయ్యో, ఆగండి!" అని అరిచింది. డప్పుల మోతలో ఎవరు వింటారు? జనాన్ని తోసుకుంటూ పరదా వెనక్కి పరుగెత్తి, ప్రొజెక్టరుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. బాణం మాయమైంది.

"ఏమైంది మ్మే?" అంటూ మైకు దగ్గరున్న ఊరి పెద్ద మునిరామయ్య లేచాడు.

"జనం బావి సందులోకి పోతా ఉండారు మామా! నిలపండి!"

"ఆడే నిలబడండప్పా! ఎవురూ అడుగు ముందుకెయ్యొద్దు!" మునిరామయ్య మైకులో గొంతు చించుకున్నాడు.

ఎవరు పడ్డారో, ఎంతమంది పడ్డారో అని లోహిత ఏడుస్తూనే సందులోకి పరుగెత్తింది. పాపం, మొక్కని దేవుడు లేడు.

ఎవరూ పడలేదు. బావికి బారెడు ఇవతల, అందరికంటే ముందు, తమ ఊరు ఏర్పేడు నుంచి వచ్చిన ఆడవాళ్ళను వెంటేసుకుని నిలబడి ఉంది ఆమె తల్లి కుప్పమ్మ.

"యాడికి పోతా ఉండావమ్మా?" అని అడిగింది లోహిత.

"బాణం ఇట్నే కదమ్మా చూపించింది. వీళ్ళు జంకతా ఉంటే, 'మా లోహిత పెట్టిందిలే, తప్పు దారి చూపదు, రండి' అని నేనే పిల్చుకోనొచ్చినా."

లోహిత తల్లి చెయ్యి పట్టుకుంది. ఏర్పేడులో ఇంటి గడప దాటేదాకా వదల్లేదు.