ఓకే అన్న తర్వాత

మా డబ్బింగ్ ఇన్‌చార్జి మేడమ్ సోమవారం పొద్దున పోయారు. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్ నుంచి సౌండ్ ఇంజనీరు ఫోన్ చేసి చెబితే, "ఇంకోసారి చెప్పన్నా" అన్నాను. ఆయన మళ్లీ అదే చెప్పాడు.

సినిమాల్లో పాత్రలకు గొంతు ఇవ్వడం నా పని. అద్దం అవతల కూర్చుని, హెడ్‌ఫోన్స్‌లో "ఓకే" అనడం ఆమె పని. ఆ మాట నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు మా టీచరు నన్ను ప్రార్థన పాడే వరసలోంచి తీసేసి, నీది పగిలిన గొంతు అంది. నేను నమ్మింది ఆ మాటనే. దర్శకుడు బాగుందంటే మధురానగర్‌లోని ఇంటిదాకా గాల్లో తేలుతూ పోయేదాన్ని. మర్నాడు ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే, నా పని అయిపోయిందనుకునేదాన్ని. మేడమ్ ఓకే అన్న ప్రతిసారీ "మంచిగ రాలే మేడమ్, ఇంకోసారి చేస్త" అని, బాగున్నదాన్ని కాస్తా చెడగొట్టేదాన్ని.

ఒకసారి హీరోయిన్ పాత్రకు నా గొంతు పరీక్షించమని మేడమే దర్శకుణ్ణి ఒప్పించారు. ముందురోజు నేను చేసింది చెప్పడానికి సిగ్గేస్తుంది. బండి దగ్గర నిలబడి వరసగా మూడు ఎర్ర రంగు ఐసు గోలాలు తిన్నాను. తెల్లారేసరికి గొంతు పూడుకుపోయింది.

"జలుబైంది మేడమ్" అన్నాను. ఆమె నా చున్నీ మీది ఎర్ర మరక చూశారు.

"ఓడిపోతే ఐసు మీదకి నెట్టేయొచ్చని కదమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె తిట్టలేదు. దర్శకుడికి ఫోన్ చేసి, తనకే ఒంట్లో బాగాలేదని చెప్పి, పరీక్షను మూడు రోజులు వాయిదా వేయించారు. తర్వాత ఫ్లాస్కులోంచి వేడినీళ్లు పోసిస్తూ అన్నారు: "నేనూ మైకు ముందు నిలబడ్డదాన్నేనమ్మా. ఓకే అన్నా ఇంకోటి, ఇంకోటి అని అడిగి, చివరికి రావడమే మానేశాను. ఇక చాలని ఆపినవాళ్లు లేరు."

పరీక్షనాడు మొదటిసారికే ఓకే అన్నారు. నేను నోరు తెరిచేలోపు లోపలికి వచ్చి, నా తలమీది హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకు తగిలించారు. "ఇంటికెళ్లమ్మా" అన్నారు. ఆ పాత్ర నాకే వచ్చింది. టీచరు మాట మాత్రం ఇప్పటికీ లోపల ఎక్కడో ఉంది. అది చెప్పినట్టల్లా ఆడకుండా మేడమ్ నన్ను ఆపారు. అందుకే ఇవాళ ఈ పనిలో ఉన్నాను.

నిన్న మళ్లీ థియేటర్‌కు వెళ్లాను. ఏసీ చలికి ఆమె వేసుకునే స్వెటర్ కుర్చీ మీదే ఉంది. ఎవరూ తీయలేదు.

ఇంజనీరు "ఓకే" అన్నాడు. "మంచిగ రాలే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అద్దంలోంచి ఆ కుర్చీ వైపు చూశాను. తర్వాత హెడ్‌ఫోన్స్ నేనే తీసి, స్టాండుకు తగిలించాను.