కడగని సీసా

అమ్మమ్మ సబ్బుని కూడా కడిగి వాడుతుంది. అంతకుముందు దాన్ని ఎవరు ముట్టుకున్నారో ఏమో అని. కొట్లో కొన్న కొత్త గ్లాసుని మూడుసార్లు కడుగుతుంది. వేరేవాళ్ళు కడిగి బోర్లించిన గ్లాసైతే నాలుగుసార్లు, అదీ వాళ్ళు చూస్తుండగానే. అందుకే ఆవిడ్ని భోజనానికి పిలిచేవాళ్ళు తక్కువ. పెళ్ళయిన కొత్తలో తాతయ్య వెటకారంగా, "నన్ను కూడా ఓసారి నానబెట్టి, ఉతికి ఆరెయ్యరాదూ," అన్నాడట. ఆవిడ నవ్వలేదు. కాసేపు ఆలోచించిందట.

దానికి తోడు ఇంకో జబ్బుంది ఆవిడకి. కంటపడ్డ ప్రతిదానికీ "అదెందుకు?" అని అడగాలి. బస్సెక్కితే డ్రైవరు పక్కన నిలబడి ఆ ఎర్ర బటను ఎందుకంటుంది. పళ్ళ డాక్టరు నోట్లో పరికరం పెట్టి పన్ను పీకుతుంటే, ఆ పరికరం పక్కనుంచే ఏదో అడిగిందని తాతయ్య ఒట్టేసి చెబుతాడు.

ఇలాంటి మనిషికి ఊరి ఆరోగ్యశాఖలో పని దొరికిందంటే చేపకి చెరువు దొరికినట్టే. రెండంతస్తుల పాత భవనం అది. కింద ఒక గదిలో పసిపిల్లలకి టీకాలు, పక్కన పుట్టినవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ రాసుకునే కిటికీ, వరండాలో వరసగా దోమల మందు కొట్టే డబ్బాలు, పైన చివర్లో ల్యాబు. అలాంటి ఆఫీసు ఒకటుందని ఊళ్ళో సగం మందికి తెలీదు. "జబ్బు తగ్గిస్తే ఆసుపత్రికి పేరొస్తుంది. మేం జబ్బే రాకుండా చూస్తాం. రాని జబ్బుకి ఎవరు దణ్ణం పెడతారు?" అనేది అమ్మమ్మ.

మొదట ఆవిడ టీకాల గదిలో ఆయా. ఆవిడ తుడిచిన నేలమీద అడుగు పెట్టడానికి డాక్టర్లే జంకేవారు. "తడిచేతులక్క" అన్న పేరు అక్కడే పడింది. కొన్నాళ్ళకి, ఊరంతా తిరిగి కుళాయి నీళ్ళ నమూనాలు పట్టే పెద్దాయన రిటైరయ్యాడు. ఆఫీసరమ్మ ఆ పని అమ్మమ్మకి అప్పజెప్పి, ఏడాది చూసి ఉద్యోగం ఖాయం చేస్తామంది.

పెద్దాయన టీ తాగేంతసేపట్లో పనంతా నేర్పేశాడు. కుళాయి మూతిని మంటతో కాల్చాలి. రెండు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యాలి. సీసా మూత తీసి, నింపి, మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టి మధ్యాహ్నానికి ల్యాబులో ఇవ్వాలి. సీసాని ముందు కడగొద్దని మాత్రం ఆయన చెప్పలేదు. జన్మలో ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు ఆయన. కడిగేవాళ్ళు కూడా ఉంటారని ఆయనకి తడితే కదా.

సీసాలు ఇచ్చేది ల్యాబులో పనిచేసే భూతద్దం. అందరూ అలాగే పిలిచేవారు. కంటికి కనపడని వాటిని చూసీ చూసీ, కనపడే మనుషుల్ని చూడటం మర్చిపోయిన మనిషి. అతనిచ్చే ప్రతి సీసా అడుగునా చిటికెడు తెల్లపొడి అంటుకుని ఉండేది. మొదటిరోజే అమ్మమ్మ సీసాని వెలుతురుకి ఎత్తి చూసి పెదవి విరిచింది. సబ్బుపొడి. సరిగ్గా తొలవలేదన్నమాట. అదెందుకని అడగలేదు. అడగడానికేముంది, మగాళ్ళు కడిగిన సీసాలు అలాగే ఏడుస్తాయి. నోరు మూసుకుని ప్రతి కుళాయి దగ్గరా ప్రతి సీసానీ మూడుసార్లు తొలిచి మరీ నింపింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఎనిమిది నెలలు.

ఆ ఎనిమిదో నెలలోనే చివరివీధిలో పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. ముందు ఇద్దరికి, వారం తిరిగేసరికి పదకొండు మందికి. ఆరోగ్యశాఖవాళ్ళు ఇంటింటికీ తిరిగి, నీళ్ళల్లో కలుపుకుని తాగే ఉప్పూ చక్కెరా పొట్లాలు పంచారు. పిల్లలు ఏం తిన్నారో, ఏం తాగారో అడిగి రాసుకున్నారు. ఆ కాయితాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, పదకొండు ఇళ్ళకీ ఉమ్మడిగా ఉన్నవి రెండే. ఒకటి కుళాయి నీళ్ళు, రెండోది పాల వదిన పాలు. నీళ్ళు పరీక్షలో మంచివని తేలాయి. పాలల్లో క్రిములున్నాయని తేలింది. ఇక చెప్పేదేముంది, వచ్చే సోమవారం కొట్టు మూసి సీలు వేస్తామని పాల వదిన గోడకి నోటీసు అంటించారు.

పాల వదినది చివరివీధిలో ఆఖరి ఇల్లు. వెనక రేకుల షెడ్డులో రెండు ఆవులు, ముందు గదిలో కొట్టు, మధ్య గదిలో సంసారం. మంచం దిగలేని మొగుడు, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు, అందరూ ఆ పాల మీదే బతుకుతున్నారు. మంగళవారం పొద్దున అమ్మమ్మ ఐసు పెట్టె మోసుకుని వెళ్ళేసరికి, పాల వదిన ఆ నోటీసు కిందే పీట వేసుకుని కూర్చుంది.

"రా వదినా, రా. నీ నీళ్ళు బంగారం, నా పాలు విషం. కళ్ళారా చూసుకుని పో."

"నన్నంటావేంటి వదినా? సీసా నింపి ఇవ్వడమే నా పని. చెప్పేది ల్యాబు."

"మా అత్త కాలం నుంచి ఇక్కడే పాలు పోస్తున్నాం. ఇన్నాళ్ళూ లేని పురుగు ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది?"

అమ్మమ్మకి ఆ ప్రశ్న నచ్చింది. ఐసు పెట్టె మీదే చతికిలబడింది. "అవును, ఎక్కణ్ణించి వచ్చుంటుంది? నిజం చెప్పు వదినా. పాలల్లో నీళ్ళు కలుపుతావా?"

"ఛ. నీళ్ళు కలిపే వంశం కాదు మాది. క్యాన్లు కడుగుతాను, అంతే."

"కడిగాక క్యాన్లో ఎన్ని నీళ్ళు మిగులుతాయి?"

పాల వదిన చూపు వీధిమీదకి పోయింది. "ఓ రెండు చెంబులు మిగులుతాయేమో."

"పూర్తిగా వంపవా?"

"నడుం నొప్పి వదినా."

అమ్మమ్మ ఆ నడుం జోలికి పోలేదు. ఆవిడ బుర్రలో వేరే పురుగు తొలుస్తోంది. మంచినీళ్ళే కలిస్తే పాలు పలచబడాలి గానీ పాడవకూడదు కదా? కుళాయి మూతి కాల్చింది, నీళ్ళు వదిలింది, సీసాని మూడుసార్లు తొలిచి నింపింది.

"ఒకదాన్ని నేను నమ్మను. ఇంకోటి పట్టు," అంది పాల వదిన.

ఆ వీధికి నీళ్ళొచ్చేదే అరగంట. అప్పటికే ధార దారమంత అయిపోయింది. కడిగితే నింపడానికి మిగలవు, నింపితే కడగడానికి లేవు. అమ్మమ్మ ప్రాణం గిలగిల్లాడింది. బతుకులో మొదటిసారి, కడగని సీసా నింపింది. ఆ సీసాని మిగతావాటికి తగలకుండా పెట్టెలో ఓ మూల పెట్టింది, మైలపడ్డ చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు.

గురువారం ల్యాబుకెళ్తే భూతద్దం తల ఎత్తకుండానే అన్నాడు. "అక్కా, చివరివీధి సీసాల్లో ఒకటి బాగుంది. రెండోదాని నిండా క్రిములే. నువ్వు లోపల చెయ్యి పెట్టుంటావు."

అమ్మమ్మని అంతకంటే పెద్ద తిట్టు ఎవరూ తిట్టలేరు.

"చెయ్యా? నా చెయ్యా?"

"ఒకటే కుళాయి, ఒకటే టైము. మరి తేడా ఎక్కణ్ణించి వచ్చింది?"

"ఒకటి కడిగాను, ఒకటి కడగలేదు. ఆ కడగనిదే పాడైంది. నువ్వు సీసాలు సరిగ్గా కడిగి ఏడిస్తే నాకీ మాట పడే గతి పట్టేదా? అడుగున సబ్బుపొడి అలాగే వదిలేస్తావు."

భూతద్దం మొదటిసారి తల ఎత్తి ఆవిడ మొహం చూశాడు. "కడిగావా?"

"మూడుసార్లు."

"ఆ ఒక్కదాన్నేనా?"

"ఒక్కటేంటి నాయనా. ఎనిమిది నెలల నుంచి అన్నీ. నీ బదులు."

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అక్కా, అది సబ్బు కాదు. మందు."

"మందెందుకు?" అంది అమ్మమ్మ. ఎనిమిది నెలల కిందట అడగాల్సిన ప్రశ్న.

"నీళ్ళల్లో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు కదా. నువ్వు సీసాలో పట్టాక కూడా అది వాటిని చంపుతూనే ఉంటుంది. పొద్దున పట్టినది మధ్యాహ్నం నాకిచ్చేసరికి లోపలున్నవన్నీ చస్తాయి. ఇక నేను చూస్తే ఏముంటుంది, మంచినీళ్ళు. ఆ పొడి ఉంటే క్లోరిన్ పనిచెయ్యడం మానేస్తుంది. కుళాయి దగ్గర నీళ్ళు ఎలా ఉన్నాయో అలాగే నా దగ్గరికొస్తాయి."

అమ్మమ్మ నెమ్మదిగా కూడబలుక్కుంది. "అంటే, పిల్లల కడుపుల్లోకి బతికున్న క్రిములు. నీ దగ్గరికి చచ్చినవి."

"అంతే." అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడితో ఊరుకో అక్కా. రేపటి నుంచి కడగడం మానెయ్. నాలుగు నెలలాగితే నీ ఉద్యోగం ఖాయమవుతుంది. ఈ మాట పైకెళితే నీకు ఉద్యోగం పోతుంది, నీకు చెప్పనందుకు నాకు చీవాట్లు."

అమ్మమ్మ చేతులు కడుక్కుని, ఆఫీసు ఎదురుగా ఉన్న తాతయ్య దర్జీ కొట్టుకి వెళ్ళింది. తాతయ్య నోట్లో గుండుసూదులున్నాయి. అవి తీసేలోపు ఆవిడ అంతా చెప్పేసింది.

"చెప్పకుండా ఉంటే ఏమవుతుందంటారు?" అంది చివర్న.

"ఏముంది, సాయంత్రానికి ఇంట్లో గిన్నెలన్నీ మళ్ళీ మళ్ళీ తోముతావు. రేపూ తోముతావు. ఆ గిన్నెలు అరిగిపోయేదాకా తోముతావు," అన్నాడు తాతయ్య. "వెళ్ళి చెప్పెయ్. గిన్నెలన్నా దక్కుతాయి."

ఆఫీసరమ్మ కళ్ళజోడు తలమీద పెట్టుకుని, దానికోసమే సొరుగులన్నీ వెతుకుతోంది. అమ్మమ్మ ఆ సంగతి ముందు చెప్పి, అసలు సంగతి తర్వాత చెప్పింది. ఆఫీసరమ్మ కళ్ళజోడు దించి పెట్టుకుని, కాయితం ముందుకు లాక్కుంది.

"ఎనిమిది నెలల సీసాలు. అన్నీనా?"

"అన్నీ మేడమ్."

"ఎవరు నేర్పారు మీకిలా?"

"ఎవరూ తప్పు నేర్పలేదు మేడమ్. ప్రపంచంలో అన్నీ అడుగుతాను, ఇదొక్కటే అడగలేదు. తెలుసనుకున్నాను."

ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది, పెట్టింది. "మీ మాట మీద కొట్టు తెరిచి ఉంచలేను. మీ పాత సీసాల మీద మూయించనూ లేను. రేపు పొద్దున అదే కుళాయి దగ్గర ఆరు సీసాలు పడదాం. మూడు మీరెప్పుడూ చేసినట్టు కడిగి, మూడు కడక్కుండా. నేనూ వస్తాను. మీ ఉద్యోగం సంగతి తర్వాత."

శుక్రవారం పొద్దున చివరివీధి అంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. ఆరోగ్యశాఖ ఆఫీసరమ్మ కుళాయి దగ్గర గొంతుక్కూర్చోవడం వాళ్ళు ఎన్నడూ చూసింది కాదు. అమ్మమ్మ చెయ్యి మూడు సీసాలదాకా మామూలుగా ఆడింది. నాలుగో సీసా దగ్గర అలవాటుగా తొలవబోయింది. ఆఫీసరమ్మ దగ్గింది. అమ్మమ్మ చెయ్యి ఆగింది.

ఆదివారం సెలవైనా భూతద్దం ల్యాబు తలుపు తీశాడు. కడిగిన మూడూ తేటగా ఉన్నాయి. కడగని మూడింట్లోనూ క్రిములున్నాయి. ఆ నీళ్ళు పోసి క్రిముల్ని పెంచి చూసే గాజు పళ్ళేలు బల్లమీద రెండు వరసలుగా పేర్చాడు. ఆఫీసరమ్మ ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. తాను నెగ్గిందో ఓడిందో అమ్మమ్మకి తెలియలేదు. ఆ పళ్ళేల్లో చుక్కలు ఎందుకంత గుండ్రంగా ఉన్నాయని మాత్రం అడిగింది. భూతద్దం ఓపిగ్గా చెప్పాడు.

మధ్యాహ్నానికల్లా పైపుల మేస్త్రీ గునపం దించాడు. చివరివీధి మలుపులో నీళ్ళ పైపు మురుగుకాలవ కింద నుంచి పోతోంది. సరిగ్గా అక్కడే బొటనవేలు పట్టేంత పగులు. నీళ్ళు వచ్చేటప్పుడు బయటికి కారుతోంది, ఆగిపోయాక మురుగుని లోపలికి పీలుస్తోంది.

సోమవారం ఆఫీసరమ్మ సీలు తేలేదు. నోటీసు తనే చింపేసి, పైపు బాగయ్యేదాకా నీళ్ళు కాచి తాగమని ఇంటింటికీ కాయితం పంచింది. పాల వదినని మాత్రం పక్కకి పిలిచి, క్యాన్లు కాచిన నీళ్ళతో కడగాలనీ, కడిగాక చుక్క మిగలకుండా బోర్లించాలనీ గట్టిగానే చెప్పింది.

"అలాగే మేడమ్. నడుం నొప్పి తగ్గిపోయింది," అంది పాల వదిన.

అమ్మమ్మ ఉద్యోగం పోలేదు. కానీ చేసిన ఎనిమిది నెలలూ గంగలో కలిశాయి. ఏడాది మళ్ళీ మొదటిరోజు నుంచి. ఊళ్ళో ఉన్న ముప్ఫై రెండు కుళాయిల దగ్గరా మళ్ళీ నమూనాలు పట్టాలన్నారు. పట్టింది. ఇంకో రెండు వీధుల్లో కూడా నీళ్ళు తేడాగా ఉన్నట్టు బయటపడింది. పిల్లలకి విరేచనాలు పట్టకముందే మేస్త్రీ గునపం అక్కడికీ వెళ్ళింది. ఆ వీధులవాళ్ళకి తమకి ఏ గండం తప్పిందో ఇప్పటికీ తెలీదు. వాళ్ళెవరూ అమ్మమ్మకి దణ్ణం పెట్టలేదు.

ఆ తిరుగుళ్ళలో ఓ రోజు చివరివీధికి వెళితే, పాల వదిన ఆవిడ్ని కొట్లో కూర్చోబెట్టి ముందు ఖాళీ గ్లాసు పెట్టింది.

"ఊరంతా నిన్ను శుభ్రానికి పెట్టింది పేరంటారు. నువ్వు కడగడం మానేశాక గానీ మా వీధి బాగుపడలేదు వదినా," అంటూ పాలచెంబు అందుకుంది.

అమ్మమ్మ ఆ ఎత్తిపొడుపు భరించి, గ్లాసు తీసుకుని వెలుతురుకి ఎత్తింది. అడుగున తెల్లగా ఏదో అంటుకుని ఉంది.

"ఇదేంటి వదినా?"

పాల వదిన వంగి చూసింది. "సబ్బు."

అడిగింది, తెలిసింది. ఇక నిశ్చింతగా లేచి, పాల వదిన చూస్తుండగానే ఆ గ్లాసుని నాలుగుసార్లు కడిగింది.