పొయ్యొస్తానన్న లెక్క

ఆ రోజుల్లో మా పెద్దమ్మ ఇంట్లో పోయినవేవో ముందు చెప్పేస్తాను. లెక్క ముందు, కథ తరువాత నా పద్ధతి (కథ ముందు చెబితే లెక్క మారిపోతుంది). రెండు బస్తాల బియ్యం, డబ్బా అడుగున చారెడు తప్ప. మామిడికాయ ఊరగాయ జాడీలు రెండు. వంటింట్లో వేలాడుతుండిన ఎండు మెత్తళ్ళ చేపల మూట ఒకటి. చింతపండు అర బుట్ట. ఒక కోడిపుంజు కూడా పోయింది గానీ, దాన్ని కుక్క ఎత్తుకుపోయింది కాబట్టి ఈ పద్దులో కలపను. ఇత్తడి బిందెలు మాత్రం నాలుగుకు నాలుగూ ఉన్నాయి. మేం భయపడిందంతా వాటి గురించే.

మైపాడు దగ్గర రొయ్యల గుంటల్లో మేత లెక్కలు రాసే పనిలో కొత్తగా చేరాను. ఇంటర్ తప్పినా, లెక్కలు సొంతంగా నేర్చుకున్నానని నాకు ఒకటే గర్వం. ఒక మధ్యాహ్నం గుంటల గట్టు మీద నిలబడి ఉంటే, సరుగుడు తోటల పక్కనుంచి రెండు సైకిళ్ళు వచ్చాయి. ముందూ వెనకా సంచులు, సంచుల మీద చాప, చాప మీద ఆరేసిన చొక్కాలు. ముందు దొర, తాటిచెట్టంత పొడుగు. వెనక దొరసాని, దారిలో పీతకీ కుక్కకీ నాకూ ఒకే మర్యాదతో బెల్లు కొడుతూ వచ్చింది. సాయంత్రానికల్లా ఊరు వాళ్ళకు పొడుగన్న, బెల్లమ్మ అని పేర్లు పెట్టేసింది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా ఒక్క గంటలో ఖర్చయిపోయింది. బెల్జియంలో బయలుదేరి ఏళ్ళ తరబడి తొక్కుతూనే ఉన్నారట! కాళ్ళు అలిసిపోతే, ఊరికి పోయినవాళ్ళ ఇల్లు కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండి, వాళ్ళ పిల్లికి పాలు పోసి, మొక్కలకు నీళ్ళు పోసి, ఇంటివాళ్ళు తిరిగొచ్చాక మళ్ళీ సైకిలెక్కుతారట. అద్దె లేదు, జీతం లేదు. ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ ఇద్దరికీ లాభం వచ్చే లెక్కను నేను చూడడం అదే మొదలు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మకు ఇల్లు చూసే మనుషులు కావలసి వచ్చారు. మద్రాసులో ఉన్న పెద్దమ్మ కూతురు, మా అక్కకు తొలి కాన్పు. డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది. పెద్దమ్మ తప్ప పోయేవాళ్ళు లేరు. పెద్దమ్మేమో బర్రెనూ కోళ్ళనూ బిందెలనూ వదిలి ఒక్క రాత్రి కూడా బయట పడుకుని ఎరగదు. నేను ఆ ఇద్దరినీ తీసుకుపోయి నిలబెట్టాను. ఆమె సైకిళ్ళను కిందా మీదా చూసి, నన్ను దొడ్లోకి లాక్కుపోయింది.

"జీతం లేకుండా కాపలా ఉండేదెవరబ్బయా? ఆ సంచులు చూస్తివా, ఎంతెంత ఉండాయో."

నేను దారం తీసుకుని సంచి నోరు కొలిచాను, బిందె నడుము కొలిచాను. సంచి నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది. "పట్టవు పెద్దమ్మా" అన్నాను. చెంబులు పడతాయి గదా అన్నది ఆమె. చెంబులన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాం. బస్సెక్కుతూ, "ఒక్క గరిటె పోయినా మళ్ళీ నా గడప తొక్కబాక" అని చెప్పి మరీ పోయింది.

పొద్దునా సాయంత్రం బర్రె పాలు పితకడానికి ఎదురింటి అత్తను ఏర్పాటు చేశాం. మొదటి రోజు అత్త పాలగిన్నె అందించి "పొయ్యొస్తా బెల్లమ్మా" అని వెళ్ళింది. అంటే ఏమిటని బెల్లమ్మ అడిగింది. నాకు అంతకన్నా కావలసిందేముంది? పొయ్యి అంటే వెళ్ళి, వస్తా అంటే వస్తా, రెండూ కూడితే వెళ్ళి తిరిగి వస్తానని మాట ఇచ్చినట్టు, అని వేళ్ళ మీద కూడి చూపించాను. సాయంత్రం అత్త పాలకు వచ్చింది. బెల్లమ్మ చప్పట్లు కొట్టింది. కూడిక సరిపోయింది, రుజువు కూడా దొరికింది. నా గర్వానికి పట్టపగ్గాలు లేవు.

ఆ తరువాత గుంటల్లో రొయ్యల పట్టుబడి మొదలై, పది రోజులు నేను ఊళ్ళోకి రాలేకపోయాను. వచ్చిన నాడు మిట్టమధ్యాహ్నం. పెద్దమ్మ ఇంటి వసారాలో వరసగా పళ్ళేలు, వాటిలో అన్నం, అన్నం మీద మూతగా ఆకులు. మెట్ల మీద ఇద్దరూ ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. సంగతేమిటంటే, తెల్లవాళ్ళను చూడడానికి వీధి వీధంతా రోజూ వస్తోంది. వీళ్ళు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తున్నారు. వాళ్ళు లేచి "పొయ్యొస్తాం" అని పోతున్నారు. వస్తామన్న ప్రతివాళ్ళకూ వీళ్ళు వండిపెట్టి, వాళ్ళు రాకుండా తాము తినకూడదని కూర్చుంటున్నారు. చల్లారిన అన్నం బర్రెకూ కోళ్ళకూ వీధి కుక్కలకూ (ఆ పుంజు దొంగతో సహా) పోతోంది. బర్రె రెండింతలయింది. వీళ్ళు సగమయ్యారు.

"ఎవరూ రావడం లేదు. మేమేమైనా తప్పు చేశామా?" అని అడిగింది బెల్లమ్మ. దేశాలన్నీ తొక్కి వచ్చిన మనిషి, మా వీధి చిన్నబుచ్చుకుందేమోనని దిగులు పడుతోంది.

ఉన్న నిజం చెబితే, మా ఊరంతా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అబద్ధాలాడుతున్నట్టు తేలుతుంది. చెప్పకపోతే, ఆ వరసన బియ్యం అక్క కాన్పుకు ముందే అయిపోతాయి. ఈ సంగతి పెద్దమ్మ చెవిన పడితే, అక్కను మంచంలో వదిలేసి రైలెక్కుతుంది. పరుగున పోయి అత్తకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మాట వరసకి అంటిమి గదరా. తినకుండా కూచోనుండారా, పాపం?"

పొద్దు వాలేలోగా వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. పడవల మీద అప్పుడే దిగిన చేపలు గంపతో తెచ్చారు. "వస్తామంటిమి గదా బెల్లమ్మా, వచ్చినాం" అన్నది అత్త. ఆ సాయంత్రం మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు తింటూ బెల్లమ్మ నవ్విన నవ్వు సముద్రం దాకా వినపడి ఉంటుంది. ఇక్కడితో తీరిందనుకున్నాను. చేతులు కడుక్కుని లేచిన ప్రతివాళ్ళూ ఏమన్నారు? పొయ్యొస్తాం! వట్టి "పోతా" అని గడప దాటడం మా నోటికి రాదు, అశుభం. అన్నారు కాబట్టి మర్నాడు రావాలి. వచ్చాక పోవాలి. పోయేటప్పుడు మళ్ళీ అనాలి. ఎంత చెల్లించినా అంతే మిగిలే బాకీని నేను నా కళ్ళతో చూశాను. చేపలు వీధివి, బియ్యం పెద్దమ్మవి.

అక్కకు మగపిల్లవాడు పుట్టి, ఇద్దరూ క్షేమమని తెలిసిన కొన్నాళ్ళకు పెద్దమ్మ దిగింది. నేను గడప బయటే ఆగిపోయాను. ఆమె బిందెలు లెక్కపెట్టింది. గరిటెలు లెక్కపెట్టింది. బియ్యం డబ్బా మూత తీసి, లోపలికి తల పెట్టి చూసింది. తన వంటింట్లో వీధి ఆడవాళ్ళంతా చేపలు కడుగుతుంటే వాళ్ళనూ చూసింది.

"బియ్యమేమైనాయి మే?"

"వస్తామన్నోళ్ళం వచ్చినాం వదినా. అంతే" అన్నది అత్త.

జరిగిందంతా విని, పెద్దమ్మ ఆ ఖాళీ డబ్బా మీదే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. చివరికి నావైపు తిరిగి, "గరిటెలు ఉండాయిలే. లోపలికి రా" అన్నది.

వాళ్ళు బయలుదేరిన రోజు, నా డొక్కు సైకిలు మీద పెద్ద రోడ్డు దాకా సాగనంపాను. నిజం చెప్పాలంటే, రోజుకు ఇంత చొప్పున తొక్కితే బెల్జియం ఎన్నాళ్ళకు చేరతానో అంతకు ముందే లెక్క వేసి పెట్టుకున్నాను. ఎదురుగాలి, ఉప్పు వాసన, ముందు రెండు బెల్లులు మోగుతుంటే ఇక తిరిగి వెళ్ళకపోతేనేం అనిపించింది. అంతలో నా చైను ఊడింది. ఎక్కించి, చేతులు తుడుచుకుని, సైకిలు ఇంటివైపు తిప్పుకుని, అలవాటు కొద్దీ అనేశాను.

"పొయ్యొస్తా."

ఇద్దరూ కాళ్ళు నేలకు ఆనించి ఆగారు. "ఎప్పుడు?" అన్నది బెల్లమ్మ.

అన్నీ లెక్క కట్టేవాణ్ణి, దానికి జవాబు కట్టలేకపోయాను. తొందర్లోనే అన్నాను. ఆమె తల ఊపి, బెల్లు కొట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది. మోకాళ్ళు వాన రాకను ముందే చెబుతాయి. సైకిలు వసారాలో ఉంది, నెలకోసారి గాలి కొడతాను. అప్పుడప్పుడు ఫోనుకు ఫోటోలు వస్తాయి. ఏదో దేశం, ఎవరిదో ఇల్లు, పొడుగన్న ఒళ్ళో ఎవరిదో పిల్లి, పక్కన జుట్టు నెరిసిన బెల్లమ్మ. మొన్నటి ఫోటోలో వాళ్ళ వెనక భోజనాల బల్ల కనిపించింది. వేళ్ళతో పెద్దది చేసి పళ్ళేలు లెక్కపెట్టాను. మూడు. మళ్ళీ లెక్కపెట్టాను. పెద్దమ్మకు చూపించి, మూడోది ఎవరికో చుట్టానికి అయ్యుంటుందన్నాను. ఆమె కళ్ళద్దాలు సరిచేసుకుని చూసింది.

"మనం మాట వరసకి అంటామబ్బయా. వాళ్ళు లెక్కగా ఇనుకున్నారు" అన్నది.

బియ్యమూ ఊరగాయా ఆ మరుసటేడే సర్దుకున్నాయి. నా పేరున ఇంకా తీరకుండా ఉన్నది, పోయి రావడం: ఒకటి.