కూరగాయల కూపన్, జువైనా కాన్పు

1976లో నేను ఒమాన్‌లోని రుస్తాఖ్‌లో, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. డ్యూటీ ఎక్కువగా యాంటీనేటల్ క్లినిక్‌లో, అంటే గర్భిణులను నెలనెలా పరీక్షించే గదిలో. ఆ ఏడాది మా దగ్గర కొత్తగా ఒక పథకం పెట్టారు. రక్తం తక్కువగా ఉన్న పేద గర్భిణులకు కూపన్లు ఇచ్చేవారు. బజారులో ఒక దుకాణంలో వాటిని చూపిస్తే వారం వారం పాలకూర, క్యారెట్లు, నారింజలు ఉచితంగా దొరికేవి. పథకం మంచిదే. ఎవరికి ఏం ఇవ్వాలో, రోజూ ఆ స్త్రీలను చూసే మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మాట అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మా క్లినిక్‌కి వచ్చే జువైనాకు అది మూడో కాన్పు. కంటి కింది రెప్ప లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్, అంటే రక్తానికి బలమిచ్చే ఎర్ర పదార్థం, బాగా పడిపోయింది. ఖాళీ కడుపున ఐరన్ మాత్ర వేసుకుంటే వాంతి. తిండి సయించదు. కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా తట్టుకోలేదు. ఎక్కించే రక్తం మస్కట్ నుంచి రావాలి. దారిలో వాగులు పొంగితే బండి కదలదు. అందుకే పట్టుబట్టి ఆమెకు కూపన్ ఇప్పించాను. వారాలు గడిచినా రెప్ప ఎర్రబడలేదు.

ఇంట్లో ఏం తింటోందో చూద్దామని బయల్దేరాను. మా వ్యాన్ డ్రైవర్ రాజయ్యది కరీంనగర్ వైపు. ఆసుపత్రి కట్టే సైట్‌కి కూలీగా వచ్చి, తర్వాత అక్కడే డ్రైవర్‌గా కుదిరాడు. జువైనా వాళ్ల వాకిట్లో బండి ఆపగానే పకపకా నవ్వాడు.

“అక్కా, గటు సూడున్రి! మేకలకు ఎంత సోకో. పాలకూర మేస్తున్నయ్!”

మా కూపన్ పాలకూరే. జువైనా భర్త ఖల్ఫాన్ సంతోషంగా ఎదురొచ్చాడు. “సర్కారుకు దేవుడు మేలు చెయ్యాలి సిస్టర్. పళ్లు పిల్లలకు, మేత మేకలకు. మూగజీవాల్ని కూడా మర్చిపోలేదు.”

అక్కడ ఖర్జూరపు తోటల్లో, చెట్ల నీడన పశువులకోసం పచ్చగడ్డి పెంచుతారు. కట్టలు కట్టి బజారులో అమ్ముతారు. వండుకునే ఆకుకూర ఆ ఇంటి వంటలో లేదు. కట్టగా వచ్చిన ఆకు ఏదైనా వాళ్లకు మేతే.

“అది మేకలకు కాదు బాబూ, నీ భార్యకు” అన్నాను.

అతని మొహం మారిపోయింది. “నా భార్య మేకా?”

మర్నాడే అతని ఫిర్యాదు ఆసుపత్రికి చేరింది. మా అడ్మినిస్ట్రేటర్, అంటే ఆసుపత్రి ఆఫీసు నడిపే అధికారి, నన్ను పిలిపించాడు. క్లర్కుల ముందు, కూర్చోమని కూడా అనకుండా, “సిస్టర్, నీ పని ఇంజెక్షన్లు. జనం వంటిళ్లలో నీకేం పని?” అన్నాడు. మేకలకు వేసేవాళ్లకు కూపన్ దండగ, రద్దు చేశానన్నాడు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“కూపన్ తిరిగి ఇవ్వండి సర్. లేకపోతే ఆ కాన్పు మీరే చెయ్యండి.”

ఆయన ఫైళ్లు తిరగేస్తూ నన్ను చూడనట్టు నటించాడు. నేను లేవలేదు. చివరికి ఆయనకే విసుగొచ్చింది. “వెళ్లి క్షమాపణ చెప్పు. ఆ ఆకు తింటామని వాళ్లే వచ్చి చెబితే ఇస్తాను.”

క్షమాపణ చెప్పాల్సిన తప్పు నేను చెయ్యలేదు. క్వార్టర్స్‌లో పాలకూర పప్పు వండి, గిన్నె పట్టుకుని వెళ్లాను. అతిథి తెచ్చిన తిండిని ఆ ఇళ్లలో కాదనరు. జువైనా అత్తగారిని అందరూ ఉమ్ ఖల్ఫాన్, అంటే ఖల్ఫాన్ అమ్మ, అని పిలిచేవారు. ఆవిడ ముందు నాకు ఖర్జూరాలు, కాఫీ పెట్టి, ఆ తర్వాతే గిన్నె మూత తీసింది.

“మేక మేత తెచ్చావా?”

“ముందు నేను తింటాను. నన్నూ మేక అంటారా?”

“అనను. మేకకు ఇంత మొండితనం ఉండదు.”

ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. “ఇందులో పులుపేది?” అంటూ గిన్నె లోపలికి తీసుకెళ్లింది. ఎండు నిమ్మకాయలు దంచి, వెల్లుల్లి వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టింది. మా ఊళ్లో నా పప్పుకు వంక పెట్టినవాళ్లు లేరు. అయినా నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఇప్పుడది ఆవిడ వంట. ఆవిడే అన్నంలో కలిపి కోడలికి తినిపించింది. పైన మాత్ర వేసుకున్నా జువైనాకు వాంతి కాలేదు.

అంతలో ఖల్ఫాన్ వచ్చాడు. అమ్మ పెట్టింది కదా అని తిన్నాడు. సంగతి తెలిశాక, “మరి మేకలకేం వెయ్యాలి?” అన్నాడు.

“గడ్డి వెయ్యరా!” అంది తల్లి.

ఆ వారమే ఉమ్ ఖల్ఫాన్ మా ఆఫీసుకు వచ్చి, “నా కోడలి ఆకు ఏది?” అని నిలదీసింది. అడ్మినిస్ట్రేటర్ ఆవిడకు కుర్చీ వేయించి మరీ కూపన్ ఇచ్చాడు.

కాన్పు నాటికి వాగు పొంగింది. మస్కట్ దారి మూసుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది. మాయ పడ్డాక నేను జువైనా పొత్తికడుపు మీద చెయ్యి తియ్యకుండా నిమురుతూనే ఉన్నాను. గర్భసంచి గట్టిపడింది. రక్తం పోవడం తగ్గి, ఆగింది. రెప్ప లాగి చూశాను. పాలిపోయింది కానీ సున్నంలా లేదు.

“సిస్టర్, ఆకలేస్తోంది” అంది జువైనా.

పక్కనున్న స్టూలు మీద కూలబడి, ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ తర్వాత అక్కడ పనిచేసినన్నాళ్లూ, కూపన్ రాసేముందు గర్భిణిని ఒకటే అడిగేదాన్ని: “మీ ఇంట్లో వంట ఎవరిది?” అత్తో, ఆడపడుచో, ఎవరైతే వాళ్లనే క్లినిక్‌కి పిలిపించేదాన్ని. కూర్చోబెట్టి, ఆ ఆకును వాళ్ల రుచికి ఎలా వండుతారో వాళ్లనే అడిగి, కూపన్ వాళ్ల చేతికే ఇచ్చేదాన్ని.