పేము కోసేసిన కుర్చీ

దెయ్యాల మాటలు వింటేనే నాకు చిరాకు. రాజమండ్రిలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. స్టాఫ్‌రూములో ఎవరైనా గాలి సోకిందనో, నీడ పడిందనో మొదలుపెడితే పేపర్ల కట్ట తీసుకుని ఖాళీ క్లాసురూములోకి పోయేదాన్ని. ఇది చదివి అప్పటి స్టాఫ్ ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

నా పిచ్చి వేరు, పాత కుర్చీల పిచ్చి. తొంభైల చివర్లో ఊరంతా ప్లాస్టిక్ కుర్చీలు, ఫోమ్ సోఫాలు కొనుక్కుంటుంటే, మేం కట్టుకున్న కొత్తింటి హాల్లోకి నాకు పాతకాలపు చేతుల్లేని కుర్చీలు కావాల్సి వచ్చాయి. ఎంచడంలో నాకో పద్ధతి ఉండేది. ముందు ఎత్తి చూస్తాను, చెక్క ఏదో బరువే చెబుతుంది. తర్వాత తలకిందులు చేస్తాను. అడుగున ఎవరూ పాలిష్ వెయ్యరు కాబట్టి అసలు రంగు అక్కడ కనిపిస్తుంది. కీళ్ళలో ఇనప మేకులుంటే వద్దు, చెక్క మేకులైతే మంచిది. చివరికి గచ్చు మీద పెట్టి ఊపి చూస్తాను. ఇంత చూసేదాన్ని, చూడాల్సింది మాత్రం చూసినా గ్రహించలేదు.

పాలకొల్లు దగ్గర ఒక ఊళ్ళో పెద్ద మండువా ఇల్లు విప్పి కలప, సామాను అమ్ముతున్నారని తెలిసి నేనూ మావారూ వెళ్ళాం. ఆ ఇంటి పెద్దావిడ రత్నమ్మగారు దగ్గరుండి అన్నీ చూపించారు. వసారాలో రోజ్‌వుడ్ కుర్చీలు నాలుగున్నాయి, నాలుగూ ఒకే చేతి పని. మూడింటికి పేము అల్లిక బాగానే ఉంది. నాలుగోదానికి సీటే లేదు. అరిగి తెగినట్టు లేదు, చట్రం వెంబడి కత్తితో చుట్టూ కోసేసినట్టుంది. చెక్క మాత్రం అన్నిటికంటే దానిదే మేలు. వెన్నుకి రెండు పక్కలా ఉన్న కమ్మీలు ఛాతీ ఎత్తున నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఎన్ని చేతులు పట్టుకున్నాయో అనుకుని ముచ్చటపడ్డాను.

"అది ఉంచెయ్యండమ్మా. మిగతా మూడూ పట్టికెళ్ళండి," అన్నారు రత్నమ్మగారు.

మావైపు మర్యాదలు నాకు తెలియనివా? పాడైన వస్తువు ఇంటికొచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి మొహమాటపడుతున్నారనుకున్నాను. ఫర్వాలేదండి, అల్లించుకుంటానన్నాను. ఆవిడ మళ్ళీ వద్దన్నారు, నేను మళ్ళీ ఫర్వాలేదన్నాను. ఇక ఆవిడ దాని సంగతి ఎత్తలేదు. కాఫీ తాగి వెళ్ళమన్నారు.

రాజమండ్రిలో పేము అల్లేవాళ్ళకిచ్చి, మిగతా మూడింటితో కలిసిపోయేలా సీటు వేయించాను. నాలుగూ వీధిగుమ్మానికి ఎదురుగా వరసగా వేశాను. మా అత్తగారు చూసి ఒకటే వేళాకోళం. చేతుల్లేని కుర్చీలో కూర్చుంటే పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంటుందనీ, ఈ వయసులో తననెవరు చేసుకుంటారనీ. ఆవిడకి తన పడకకుర్చీ, తన కబుర్లు ఉంటే చాలు. కాపురానికొచ్చిన దగ్గర్నించీ నాకు తోడు ఆవిడే. మావారితో కంటే ఆవిడతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని.

ఆ ఎండాకాలం ఆవిడకి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. హమ్మయ్య, లేచి తిరుగుతున్నారు అనుకునేలోపే, ఒక మధ్యాహ్నం ఆ నాలుగో కుర్చీలో కూర్చుని కనిపించారు. వెన్ను నిటారుగా, చేతులు రెండూ మోకాళ్ళ మీద, గడ్డం కాస్త పైకి. చూపు వీధిగుమ్మం మీద. పిలిస్తే పలకలేదు. వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను.

"కదలకూడదమ్మాయ్. ఇంకా రావలసినవాళ్ళున్నారు," అన్నారు, పెదవులు కదిలీ కదలకుండా.

నీరసంలో పలవరిస్తున్నారనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. దీపాలవేళ దాకా కూర్చుని తనంతట తనే లేచేవారు. మొదట్లో భోజనం మధ్యలో లేచి వెళ్ళేవారు, తర్వాత భోజనానికే రావడం మానేశారు. గంజి పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోయేది.

ఎంతైనా పంతులమ్మని కదా, పరీక్ష పెట్టాను. ఆవిడ పడుకున్నప్పుడు కుర్చీల వరస మార్చాను. ఇప్పుడు నాలుగూ చూడ్డానికి ఒక్కలాగే ఉన్నాయి. పైగా ఆవిడకి కళ్ళలో శుక్లాలు, కళ్ళజోడు లేకపోతే నా మొహమే పోల్చలేరు. అయినా తిన్నగా వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ మార్చాను, మళ్ళీ అదే. కుర్చీని పక్కగదిలో పెట్టి తాళం వేస్తే, కాళ్ళు వణుకుతున్నా ఆ తలుపు ముందే నిలబడిపోయారు. చూడలేక తాళం తీశాను.

స్నానం చేయిస్తుంటే కనబడింది, ఛాతీ చుట్టూ చంకల కిందనుంచి వీపు దాకా కమిలిన ఎర్రటి చార. డాక్టరు గారు దాన్ని చూసి, నా వైపు తిరిగి, పెద్దావిణ్ణి కట్టేస్తున్నారా అని అడిగారు. తల తీసేసినట్టయింది. పరీక్షల్లో జబ్బేమీ లేదు, ఇలాగే తినకపోతే మాత్రం మనిషి దక్కదు, కాకినాడ తీసుకెళ్ళండి అన్నారు. ఇంటికొచ్చి దారంతో కొలిచాను. ఆవిడ ఒంటి మీది చార, కుర్చీ కమ్మీల అరుగుదల ఒకే ఎత్తులో ఉన్నాయి. నాకు మొదటిసారి భయం వేసింది. ఆవిడ పోతారేమోనన్న భయం.

మర్నాడు పాలకొల్లు బస్సెక్కాను. ఇల్లు విప్పేశాక రత్నమ్మగారు పక్కవీధిలో ఉంటున్నారు. నన్ను చూడగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "అల్లించారా అమ్మా?"

అప్పుడు చెప్పారు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు పోతే స్నానం చేయించి, బొట్టు పెట్టి, అరుగు మీద ఆ కుర్చీలో కూర్చోబెట్టేవారట. ఒరిగిపోకుండా కండువాతో ఛాతీని కుర్చీ వెన్నుకి కట్టి, అయినవాళ్ళందరూ చుట్టూ నిలబడి ఆఖరి ఫోటో తీయించుకునేవారట. అలాంటి ఫోటోలు నా చిన్నప్పుడు చాలా ఇళ్ళలో చూశాను. ఆఖరున అందులో కూర్చున్నది రత్నమ్మగారి తోటికోడలు. వానలకి కాలవలు పొంగి దారులు మూసుకుపోయాయి. కూతుళ్ళు వస్తారని పొద్దు వాలేదాకా ఆవిణ్ణి అలాగే కూర్చోబెట్టారు. వాళ్ళు అందుకోలేకపోయారు. ఫోటో తియ్యకుండానే తీసుకెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇంకెవరూ అందులో కూర్చోకూడదని సీటు కోసేశారు.

ముందే ఎందుకు చెప్పలేదని కోపంగానే అడిగాను.

"కొత్తింట్లోకని సంబరంగా కొనుక్కుంటున్నారు. ఆ మాట నా నోటితో ఎలా అంటానమ్మా?" అన్నారు.

సాయంత్రం అత్తగారు కుర్చీ దిగగానే నేనూ సీటు కోసేద్దామని నిశ్చయించుకుని ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం ఆవిడ దిగలేదు. చిక్కి సగమైన మనిషిని మావారూ నేనూ కలిసి ఎత్తబోతే అంగుళం కదల్లేదు.

ఇక మిగిలింది ఆనాడు ఆగిపోయిన ఆ ఫోటో తియ్యడమే. కాని ఫోటో అయ్యాక మనిషిని ఏం చేస్తారో నాకు తెలుసు. తీస్తే ఆవిడ మాకు దక్కుతారో, లేక దాంతోనే అయిపోతారో తేల్చుకోలేకపోయాను. చివరికి సామర్లకోటలో ఉన్న మావారి అక్కకీ, నరసాపురంలో ఉన్న మరిదికీ ఫోన్లు చేశాను. పొద్దున్నే దిగారు. సంగతి విని వదినగారు నా మీద మండిపడ్డారు.

"బతికున్న మనిషికి ఆఖరి ఫోటో తీస్తావా? మా అమ్మ నీకంత బరువైపోయిందా?"

మావారు కెమెరా ఇచ్చారు కాని తను నొక్కనన్నారు. ముగ్గురు పిల్లలూ తల్లి చుట్టూ నిలబడ్డారు. కెమెరాలోంచి చూస్తున్నాను. అత్తగారు గడ్డం ఇంకాస్త పైకెత్తారు.

"అందరూ వచ్చారా?"

"వచ్చేశారండి. అందరూ వచ్చేశారు," అని నొక్కాను.

ఆవిడ తల ఛాతీ మీదికి వాలిపోయింది. వదినగారు బావురుమన్నారు. మనిషి పక్కకి ఒరిగిపోతుంటే మావారు పట్టుకుని, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తేశారు. ఊపిరి ఆడుతోంది. నేను నేల మీద కూలబడి పైకే ఏడ్చేశాను. సాయంత్రానికి అత్తగారు లేచి, చారులో ఉప్పెవరు మర్చిపోయారని అడిగారు. అప్పటికే నేను కూరగాయల కత్తితో ఆ సీటు కోసేశాను. కుర్చీ అటకెక్కింది. ఎవరికైనా ఇద్దామంటే ఏమని చెప్పి ఇవ్వను?

ఫోటో కడిగించి తెచ్చాక ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. పిల్లల్ని ఒక్కొక్కర్నీ పేరుపేరునా గుర్తుపట్టారు. ఆ తర్వాత కుర్చీ మీద వేలు పెట్టి, మన పిల్లల మధ్య కూర్చున్న ఈవిడెవరని అడిగారు. మా అందరి కళ్ళకీ అది ఆవిడే. ఆవిడ చీరే, బుగ్గ మీద ఆవిడ పుట్టుమచ్చే. మీరే కదండీ అన్నాను.

"నేను కాదమ్మాయ్. నా మొహం నాకు తెలీదా?" అన్నారు, నిదానంగా.

ఆ రోజుల గురించి ఆవిడకేమీ గుర్తులేదు. తర్వాత చాలా ఏళ్ళు హాయిగా బతికారు. ఆ చార ఎలా వచ్చిందో, ఆవిడ ఆ కుర్చీనెలా పోల్చుకునేవారో, నాకు తెలిసిన ఫిజిక్స్‌లో జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆవిడ పోయాక, మొహం స్పష్టంగా కనబడే ఫోటో అదొక్కటే దొరికింది. పెద్దది చేయించి పటం కట్టిద్దామన్నాడు మరిది. నేను ఒప్పుకోలేదు. దండ ఎవరికి వేస్తున్నామో తెలియకుండా ఎలా వెయ్యను? ఆవిడ తద్దినం రోజున ఖాళీ గోడకే దణ్ణం పెట్టుకుంటాను.