అమ్మ చెప్పులతో మడిలోకి దిగిన రోజు

మా చిన్నతనంలో మా ఇంట్లో బలపాలు నిలిచేవి కావు... పొద్దున డబ్బా నిండా ఉంటే సాయంత్రానికి ముక్క మిగిలేది కాదు. దొంగ ఎవరో నాకు తెలుసు. మా అక్క సుగుణ, నాకంటే రెండేళ్లు పెద్దది. రాయడానికి కాదు, కరకరా నమిలి మింగడానికి తీసేది!

కంది దగ్గర మా ఊరు. నాయన పటాన్‌చెరులో ఫ్యాక్టరీకి షిఫ్టులకు వెళ్లేవాడు. అమ్మా, నానమ్మా పాలకూర, కొత్తిమీర మళ్లు చూసుకునేవాళ్లు. బడి వదలగానే మేమూ అక్కడికే... గట్టు మీద చెప్పులు విడిచి మడిలోకి దిగడం మా ఆచారం. పంటంటే లక్ష్మి కదా, ఆమె మీద చెప్పులతో నడుస్తామా? కానీ ఆ మళ్ల పక్క తుప్పల చాటుకే పొద్దున్నే ఇంటిల్లిపాదీ చెంబులు పట్టుకుని వెళ్లేవాళ్లం. అందులో మాత్రం మాకు తప్పేమీ కనిపించేది కాదు.

ఏడో తరగతికి వచ్చేసరికి అక్క బడిదాకా నడవలేకపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మొహం పాలిపోయి, పాదాలు ఉబ్బి... "పనంటే పానం మీదికొస్తది దీనికి" అని నానమ్మ తిట్టేది. నేనేమీ తక్కువ తినలేదు, సోమరిపోతు అని ఏడిపించేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి బడి రిజిస్టర్లో అక్క పేరు కొట్టేశారు.

ఊరికి వచ్చే సర్కారు దవాఖానా నర్సమ్మ ఒకరోజు అక్క కంటి రెప్ప కిందికి లాగి చూసింది. ఖాళీ అగ్గిపెట్టె ఒకటి అమ్మ చేతిలో పెట్టింది. "పొద్దుగాల దొడ్డికి పోయినప్పుడు గిండ్ల జెర పెట్టి తీస్కరా. పరీచ్చకు పంపుత" అంది. మర్నాడు నాయన షిఫ్టుకు వెళ్తూ, బీడీ వెలిగించుకుందామని సరిగ్గా ఆ అగ్గిపెట్టెకే చెయ్యి చాపాడు... అమ్మ వేసిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. నెల రోజులు నవ్వుకున్నాం.

పరీక్ష ఫలితం వచ్చాక మాత్రం నవ్వు రాలేదు. "కొంకి పురుగులు. పేగులకు పట్టుకొని నెత్తురు తాగుతున్నయి. గిట్లనే ఇడిస్తె గుండె మీదికొస్తది పిల్లకు" అంది నర్సమ్మ. దొడ్డికి వెళ్లిన చోట మట్టిలో ఆ పురుగు పిల్లలు పెరుగుతాయనీ, ఉత్త కాళ్లతో నడిస్తే చర్మంలోంచి లోపలికి పోతాయనీ, ఒంట్లో నెత్తురు తగ్గినవాళ్లకే అలా బలపాలు తినాలనిపిస్తుందనీ చెప్పింది.

నానమ్మ నమ్మలేదు. "కాళ్లల్లకెల్లి కడుపులకు పురుగు పోతదా? పుట్టినకాన్నుంచి నడుస్తున్న, నాకేమైంది?" అని కొట్టిపారేసింది.

నర్సమ్మ ఇచ్చిన మాత్రలకు అక్క మొహంలో రంగు వచ్చింది. బలపాలు కూడా మిగిలాయి. హమ్మయ్య అనుకున్నాం... కానీ మళ్లీ వానలు పడ్డాక అక్క మళ్లీ గోడకు ఆనుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పురుగులు చచ్చాయి గానీ మేం దిగే మడి అదే, మా కాళ్లూ అవే.

ఒకరోజు అమ్మ రబ్బరు చెప్పులు వేసుకుంది. బురదకు జారకుండా మడమల వెనక సుతిలి తాడుతో కట్టుకుంది. అక్కకూ, నాకూ కట్టింది. మా చేతులు పట్టుకుని మడిలోకి దిగింది.

గట్టు మీంచి నానమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "నీకు మతి పోయిందా? లచ్చిమి మీద చెప్పులా?"

అమ్మ కలుపు తీస్తూనే అంది, "లచ్చిమికి దండం పెడితె చాలు అత్తమ్మా, ఆడపిల్ల నెత్తురు అడగదు. పాపమైతె నాకే తగల్నియ్యి."

మర్నాడు ఇంటి వెనక గడ్డపారతో తవ్వడం మొదలుపెట్టింది. షిఫ్టు దిగి వచ్చిన నాయన "గుంతెందుకే?" అన్నాడు. "దొడ్డికి. ఇగ నా పిల్లలు మళ్ల దిక్కు పోరు" అంది. నాయన చొక్కా విప్పి పార అందుకున్నాడు. సిమెంటు వరలు దించి, చుట్టూ గోనె పట్టాలు కట్టారు. నానమ్మ మాత్రం చెంబు పట్టుకుని పంతంగా తుప్పల్లోకే వెళ్లింది... గట్టి వాన పడిన ఒక పొద్దున ఎవరూ చూడకుండా ఆ గోనె పట్టాల చాటుకే దూరింది. మేం చూడనట్టే ఉన్నాం.

మళ్లీ మాత్రలు వాడాక అక్క ఇక గోడకు ఆనుకుని కూర్చోలేదు. బడి తెరిచిన రోజు అమ్మ ఆమెను తీసుకెళ్లింది. వయసు మించిందన్నారు పెద్ద సారు. "సచ్చి బతికొచ్చిన పిల్ల సార్. పేరు రాసుకునేదాంక గీడనే కూసుంట" అని అమ్మ వరండాలో బైఠాయించింది. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా పేరు ఎక్కింది. అలా మా అక్కా నేనూ ఒకే ఏడో తరగతిలో, ఒకే చాప మీద...

ఇప్పుడు అక్క అంగన్‌వాడీ టీచరు. పురుగుల మాత్ర వేసే రోజు పిల్లలు చప్పరించి మింగేదాకా వదలదు. మా మళ్లేమో ప్లాట్లయ్యాయి, రాళ్లు పాతేశారు.

అక్క పేరు రిజిస్టర్లోకి తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో మా వాడలో అలా పాలిపోయిన పిల్లలు ఇంకా ఉండేవాళ్లు... ఎల్లమ్మ, సత్తెమ్మ, ఇంకొందరు... వాళ్ల కోసం వరండాలో ఎవరూ కూర్చోలేదు. మీ ఊళ్లోనూ సోమరులని మనం పేరు పెట్టి, బడి మాన్పించినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు ఈ కథ కింద రాయండి. ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఎక్కనివ్వండి.